కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికితే మార్క్స్ లెక్క తప్పినట్టేనా?

"2023 ఆగస్టు వేలంలో కోకాపేట ఎకరం 100 కోట్లు దాటింది. ఆ రాళ్ల నేలలో ఎవడి శ్రమ ఉందని? శ్రమే విలువన్న మార్క్స్ మాట అక్కడే తేలిపోయిందిగా?" అని అడిగారు.

తేలిపోలేదండీ. 1867లో అచ్చయిన ‘కాపిటల్’ మొదటి సంపుటంలోనే ఆయన ఈ సంగతి ఎత్తాడు. సాగులేని నేలలో మనిషి శ్రమ లేదు కాబట్టి విలువ లేదు, ధర మాత్రం ఉంటుంది. రాబోయే కౌళ్లన్నిటినీ ఇవాళ్టి డబ్బులోకి లెక్కగడితే వచ్చేదే ఆ ధర. కోకాపేటలో పాడినవాళ్ల చూపంతా రేపు లేచే టవర్ల మీదే కదా.

నాకు ఈ సిద్ధాంతం పట్టుబడింది లాడ్ బజార్‌లో. డిగ్రీ రోజుల్లో ఒక లక్క గాజుల దుకాణంలో సాయంత్రాలు ఖాతాలు రాసేవాణ్ణి. లక్కను బొగ్గుల సెగకు మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు అద్దాలి. కూలీ జత లెక్క. నేర్చుకునే పిల్ల పూటంతా కూర్చుని చేసిన జతకీ, చెయ్యి తిరిగినామె చిటికెలో ముగించిన జతకీ ఒకటే రేటు. "బద్ధకస్తుడు చేసిన సరుక్కి విలువెక్కువా?" అని వెక్కిరిస్తారే, దానికి జవాబు ఇదే. లెక్కలోకొచ్చేది ఆ సరుక్కి మామూలుగా పట్టే సమయం. మరమగ్గాలొచ్చాక ఇంగ్లండు చేనేతగాడు ఎప్పటిలాగే గంటసేపు నేసినా, ఆ గంట విలువ సగానికి పడిపోయిందంటాడు మార్క్స్.

అసలు విషయం రంజాన్ ముందు తెలిసింది. గిరాకీకి అందరి చేతులూ వేగం పుంజుకున్నాయి. పండగ వెళ్లగానే జత రేటు తగ్గింది. ఎందుకని అడిగితే సేఠ్ దాచుకోకుండా చెప్పాడు: "ఇప్పుడు రోజుకు ఎక్కువ జతలు చేస్తున్నారు కదా!" అంటే ఆయన మనసులో ఉన్నది గాజుల రేటు కాదు, ఒక మనిషికి రోజు గడవడానికి ఎంత చాలన్న లెక్క. మార్క్స్ శ్రమశక్తి విలువ అన్నది దీన్నే. బియ్యం, కిరాయి, పిల్లల ఫీజుల మేరకు పని అయిపోయాక మిగతా గంటల్లో పుట్టేదంతా అదనపు విలువ. జత లెక్కలో అది కంటికి కనబడదు, చేసిన ప్రతి జతకీ డబ్బిచ్చినట్టే ఉంటుంది.

దుకాణంలో బేరం ఎక్కడ తెగుతుందో చెప్పడానికి మాత్రం 1871లో జెవన్స్, మెంగర్ అనే ఆర్థికవేత్తలు తెచ్చిన ఉపాంత ప్రయోజనమే, అంటే ఇంకొక్కటి కొంటే కొనేవాడికి ఎంత ఉపయోగమన్న లెక్కే, నయమనిపిస్తుంది నాకు. విలువల నుంచి ధరలకు దారి వేయడానికి 1894లో వచ్చిన ‘కాపిటల్’ మూడో సంపుటం తంటాలు పడింది. రెండేళ్లకే ఆస్ట్రియా ఆర్థికవేత్త బోమ్ బావర్క్ ఇది మొదటి సంపుటానికే అడ్డం తిరిగిందన్నాడు, ఆ తగువు ఇంకా తెగలేదు.

‘కాపిటల్’ మొదటి సంపుటం చదవాలనుంటే మొదటి అధ్యాయంతో కుస్తీ పట్టకండి. ముక్క లెక్క కూలీ (మన గాజుల జత లెక్క లాంటిదే) మీద ఒక చిన్న అధ్యాయం ఉంది, ముందు అది చూడండి.