పర్లాకిమిడి తమ్ముడికి: ఫోన్ మన మాటలు వినక్కర్లేదు

తమ్ముడూ, ఏదో షాపు సైట్‌లో కుట్టు మిషన్ చూసిన సాయంత్రానికే ఫేస్‌బుక్‌లో ఓసారి తెలుగులో, ఓసారి ఒడియాలో అవే ప్రకటనలు వస్తున్నాయి, ఫోన్ మన మాటలు వింటోందా అని అడిగావు. అంత శ్రమ ఫేస్‌బుక్ వాళ్లకెందుకు? ఆ షాపు సైట్‌లో ఫేస్‌బుక్ సొంతదారు మెటా ఇచ్చే ‘మెటా పిక్సెల్’ అనే చిన్న కోడ్ ఉంటే, నువ్వేం చూశావో అదే మెటాకి చేరవేస్తుంది. ఊరు, వయసు, భాషలు ఎలాగూ తెలుసు. నీ స్క్రీన్‌ మీది జాగాకి ఆ క్షణంలోనే వేలం నడుస్తుంది. ఎక్కువ పాట పాడినవాడికే దక్కాలని లేదు, నువ్వు నొక్కే అవకాశం ఎంతో కూడా లెక్కేస్తారు. 2023లో మెటాకొచ్చిన దాదాపు 13,500 కోట్ల డాలర్లలో 97 శాతానికి పైగా ప్రకటనల డబ్బే మరి!

ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ సెంటర్‌లో యాడ్ ప్రిఫరెన్సెస్ తెరిచి, బయటి సైట్ల నుంచి వచ్చే సమాచారం వాడొద్దని పెట్టు. ప్రకటనలు తగ్గవుగానీ, కుట్టు మిషన్ వెంటపడటం తగ్గుతుంది.