ఇంటర్ ఎంపీసీ తర్వాత చెన్నైలో భూమి, వాతావరణ శాస్త్రాలు చదవొచ్చా?

నాయుడుపేట నుంచి ఒక తండ్రి అడిగారు: అమ్మాయి ఎంపీసీ పూర్తిచేసింది, ఇంజనీరింగ్ వద్దంటోంది, తుపాన్ల గురించీ భూమి గురించీ చదువుతానంటోంది. చెన్నైలో చేర్పిస్తే చదువు ఎలా ఉంటుంది, తర్వాత బతుకుతెరువు దొరుకుతుందా అని. నేనూ పాత నెల్లూరు జిల్లావాడినేనండి. చెన్నైలోనే జియాలజీ (భూగర్భ శాస్త్రం)లో డిగ్రీ, పీజీ చేసి, ఇప్పుడు భూగర్భ జలాల సర్వే పనిలో ఉన్నాను.

ముందు ఒక సంగతి ఇంట్లో తేల్చుకోండి. తుపాన్లు, భూమి అని మీ అమ్మాయి ఒకే ఊపులో అన్నా, చదువులో అవి రెండు దారులు. వాతావరణం వైపు వెళ్తే చేసేదంతా ఫిజిక్స్, లెక్కలే. మేఘాల ఫొటోలు చూసి మురిసిపోయే పిల్లలు మొదటి సెమిస్టర్లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చూసి నీరసపడతారు. పైగా వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే మోడల్స్ నడపాలంటే కోడింగ్ రావాలి. పైథాన్ అందరికీ తెలిసిందే, కానీ ఆ మోడల్స్ లోపల ఇప్పటికీ చాలావరకు ఫోర్ట్రాన్ అనే పాత కోడింగ్ భాషే. భూమి వైపు వెళ్తే చేత్తో పని. రాయి పగలగొట్టి లెన్స్‌తో చూడాలి, మ్యాప్ గీయాలి, ఎండలో నడవాలి. లెక్కలు ఇక్కడా ఉంటాయి గానీ అంతగా వెంటపడవు.

వాతావరణమే కావాలంటే మాత్రం, నా సలహా కాస్త తిరకాసుగా అనిపించొచ్చు: డిగ్రీలో ఫిజిక్స్ తీసుకోమనండి. పీజీలో అటు మళ్లొచ్చు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) ఉంది, కొచ్చిన్ యూనివర్సిటీలోనూ ఉంది. పరిశోధన దాకా వెళ్లేవాళ్లకు బెంగళూరు ఐఐఎస్సీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల కేంద్రం ఉంది. మీకు దగ్గర్లోనే, తిరుపతి పక్కన గాదంకిలో పై వాతావరణంలోని గాలులను కొలిచే ఎంఎస్టీ రాడార్ ఉంది. అవకాశం దొరికితే ముందు అది ఒకసారి చూపించండి.

చెన్నైలో చదివితే వచ్చే లాభం పుస్తకంలో రాసింది బయట కనిపించడం. మాకు పీజీలో మెటియరాలజీ ఒక పేపరుగా ఉండేది. మీనంబాక్కం నుంచి పొద్దున, సాయంత్రం అయిదున్నర వేళకు బెలూన్ వదులుతారు. అది పైకెళ్తూ పంపే ఉష్ణోగ్రత, తేమ అంకెలను మేం టెఫిగ్రామ్ అనే గ్రాఫు మీద గీసి, ఇవాళ ఉరుముల వాన పడుతుందా లేదా చెప్పాలి. మే నెలలో సముద్రపు గాలి మధ్యాహ్నం ఒంటిగంట లోపు లోపలికొస్తే బతికిపోతాం. పడమటి గాలి బలంగా ఉండి దాన్ని ఆపేసిన రోజు 40 డిగ్రీలు దాటుతుంది. క్లాసులో ఈ మాట విని హాస్టల్‌కి నడిచొస్తే చాలు, ఇక నోట్స్ అక్కర్లేదు. 2015 డిసెంబరు 1న తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. 2023లో మిగ్‌జామ్ తుపాను చెన్నై పక్కన నెమ్మదిగా కదులుతూ నగరాన్ని ముంచేసి, డిసెంబరు 5న మన బాపట్ల దగ్గర తీరం దాటింది. తీరం దాటిన చోట కాకుండా ఇక్కడ అంత నీరెందుకు నిలిచిందని ఎవరైనా అడిగితే, తుపాను కదిలే వేగం గురించి ఒక గంట మాట్లాడొచ్చు.

నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఆవరణలో 1792 నాటి మద్రాసు అబ్జర్వేటరీ రాతి స్తంభం ఇంకా ఉంది. దాని మీద తమిళంతో పాటు తెలుగులోనూ చెక్కారు. చూసి రమ్మనండి.

ఇక భూమి సంగతి. చెన్నై శివారు పల్లావరం గుట్టలు చార్నోకైట్ అనే రాయి. 1893లో హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాన్ని మొదట వర్ణించింది ఇక్కడి రాళ్లను చూసే. నీలిబూడిద రంగు, కాస్త జిడ్డు మెరుపు. ఫస్టియర్ పిల్లలందరూ దాన్ని గ్రానైట్ అనుకుంటారు. ఫీల్డ్ ట్రిప్పులకు అరియలూరు సున్నపురాళ్లలో శిలాజాల కోసం, మన వైపు మంగంపేట బెరైటీస్ గనికి తీసుకెళ్తారు. మంగంపేటలో దిగగానే బేరాలూ భోజనాలూ అన్నీ నా మెడకే చుట్టారు మా తమిళ స్నేహితులు. ఆడపిల్లల విషయం అడగలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. ట్రిప్పుల్లో లేడీ లెక్చరర్ వస్తారా, బస ఎక్కడ అని కాలేజీని సూటిగా అడగండి. మా బ్యాచ్‌లో అమ్మాయిలే సుత్తి బాగా వాడేవాళ్లు.

నన్ను పట్టుకున్నది మాత్రం నీళ్లు. చెన్నైకి ఉత్తరాన మింజూరు వైపు దశాబ్దాలుగా బావులు తోడేయడంతో సముద్రపు నీరు భూమి లోపల కిలోమీటర్ల కొద్దీ వచ్చేసింది. దీని లెక్క తేలిక. మంచినీటి కంటే ఉప్పునీరు కాస్త బరువు. తీరంలో మంచినీటి మట్టం సముద్ర మట్టం కంటే ఒక మీటరు పైనుంటే, ఉప్పునీటి హద్దు సుమారు 40 మీటర్ల కిందుంటుంది. అంటే పైన ఒక మీటరు తోడేస్తే కింద హద్దు 40 మీటర్లు పైకొస్తుంది. రైతు బావి నీళ్లలో కొలిచే పరికరం ముంచి కండక్టివిటీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) చదివినప్పుడు, ఆ అంకె చూసి ఆయన ముఖం చూడాలంటే ఇబ్బందిగా ఉంటుంది. పోయినేడాదికంటే ఉప్పదనం పెరిగిందని ఆయనకు నోటికే తెలిసిపోయి ఉంటుంది. మనం పరీక్షలో మార్కుల కోసం రాసిన సూత్రం ఒకరి పొలంలో ఇలా పనిచేస్తుంటే చదువు మీద గౌరవం పెరుగుతుంది.

ఉద్యోగాల మాట. బీఎస్సీతోనే ఆగితే కష్టం, ముందే చెబుతున్నాను. జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ), కేంద్ర భూగర్భ జల బోర్డు పోస్టులకు యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్షకు పీజీ కావాలి. ఐఐటీల్లో పీజీ కోసం రాసే జామ్ ప్రవేశ పరీక్షలో జియాలజీ పేపరుంది. వాతావరణం చదివినవాళ్లకు ప్రభుత్వం కాక ఇప్పుడు పవన, సౌర విద్యుత్ కంపెనీలున్నాయి. రేపు ఎంత కరెంటు తీస్తామో ముందే చెప్పాలి, తప్పితే జరిమానా, అందుకని గాలి అంచనా వేసేవాళ్లు వాళ్లకు కావాలి. పవన విద్యుత్ జాతీయ సంస్థ పళ్లికరణైలోనే ఉంది, సముద్ర సాంకేతిక సంస్థ కూడా అక్కడే. ప్రాజెక్టు అడగడానికి బస్సెక్కితే చాలు. జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చకండి, మొదటి కొన్నేళ్లు బంధువుల దగ్గర ఆ ప్రస్తావనే రానివ్వకండి.

భాష భయం వద్దు. క్లాసు ఇంగ్లిషులో మొదలై మధ్యలో తమిళంలోకి జారుతుంది, కొన్నాళ్లకు చెవి అలవాటుపడుతుంది. సూళ్లూరుపేట దాకా లోకల్ ట్రైన్ ఉంది కాబట్టి శనివారం ఇంటికొచ్చేయొచ్చు.

అడ్మిషన్ ఫీజు కట్టేముందు రెండు అడగండి. పార్ట్ వన్ లాంగ్వేజ్ (డిగ్రీలో చదవాల్సిన భాష) కింద తెలుగు ఉందా లేదా. రెండోది ఇంకా ముఖ్యం: జియాలజీ తీసుకుంటే అలైడ్ సబ్జెక్టుగా, అంటే దానికి తోడుగా చదివే సబ్జెక్టుగా, ఫిజిక్స్ ఇస్తారా, అది మార్కుల షీట్లో ఫిజిక్స్ అనే పేరుతోనే వస్తుందా. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు ఎస్ఎస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఇచ్చిన నోటిఫికేషన్లలో సైన్స్ డిగ్రీవాళ్లకు ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలన్నారు. మా సీనియర్ ఒకాయన అక్కడే ఆగిపోయాడు.