ఏఐ వచ్చాక మీ పనిలో ఏం మారింది? మీరు దానికి ఎలా అలవాటు పడ్డారు?

వైజాగ్ డాబా గార్డెన్స్‌లో నాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, దినకార్యం కార్డులు, ఫ్లెక్సీలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఇవే మా తిండి. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పుడు "ఇక మీ పని అయిపోయిందండీ" అని మొదట చెప్పింది మా పక్క జెరాక్స్ షాపాయనే. ఇద్దరి షాపులూ ఇంకా ఉన్నాయి.

మారిందేమిటంటే, మేటర్ టైప్ చేయమని వచ్చేవాళ్లు తగ్గిపోయి, ఏఐతో టైప్ చేయించి ఫోన్‌లో పట్టుకొచ్చేవాళ్లు పెరిగారు. దానివల్ల నా పని తగ్గిందనుకుంటే పొరపాటు, డబ్బులొచ్చే పని తగ్గింది అంతే.

మొన్న ముహూర్తాల సీజన్‌లో గాజువాక నుంచి ఒక కుర్రాడు చెల్లెలి పెళ్లి కార్డు కోసం వచ్చాడు. వాళ్ల నాన్నగారు కాగితం మీద రాసిచ్చిన మేటర్‌ని ఫొటో తీసి ఏఐకిచ్చాడట, అది చక్కగా టైప్ చేసి, పైన రెండు కవితా వాక్యాలు కూడా తగిలించింది. "అంతా రెడీ అండీ, మీరు కార్డులో పెట్టడమే, టైపింగ్ చార్జీ తీసేయండి" అన్నాడు. ఎవరేం తెచ్చినా ఒరిజినల్ కాగితం అడిగే అలవాటు నాది. చూస్తే కాగితంలో వరస చివర చోటు చాలక 'కీ.శే.' అని రాసి, పేరు కింది వరసలో రాశారు వాళ్ల నాన్నగారు. ఆయన ఉద్దేశంలో అది పెళ్లికూతురి నాన్నమ్మ భర్తకు. మిషను మాత్రం ఆ 'కీ.శే.'ని తీసుకెళ్లి అమ్మమ్మ భర్తకు పెట్టేసింది.

"బాబూ, మీ అమ్మ తరఫు తాతగారు ఎప్పుడు పోయారు?" అని అడిగాను.

"పోవడమేంటండీ, బయట ఆటోలో కూర్చున్నారు!"

ఆ తాతగారిని లోపలికి తీసుకొచ్చారు. కళ్లజోడు పెట్టుకుని స్క్రీన్ మీద తన పేరు చదువుకుని, "పెల్లి అవ్వకుండానే నన్ను సంపీసినార్రా!" అని పగలబడి నవ్వారు. కుర్రాడికి మాత్రం చెమటలు పట్టాయి. అదే కార్డు ఐదు వందలు అచ్చయి బంధువులకు పంచాక చూసుంటే వాళ్ల అమ్మగారి పరిస్థితి ఏంటో ఊహించుకోండి. ఆ తర్వాత తాతగారు నా పక్కనే కుర్చీ వేసుకుని ప్రతి పేరూ తనే చదివి సంతకం పెట్టారు. టైపింగ్ చార్జీ గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

పైగా ఫోన్‌లోంచి వచ్చేది యూనికోడ్, అంటే ఇప్పటి ఫోన్లన్నీ వాడే అక్షరాల పద్ధతి. నా సిస్టమ్‌లో ఉన్నది 2001 నాటి పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్, అందులో యూనికోడ్ కాని 'అను' తెలుగు ఫాంట్లు. నేరుగా పేస్ట్ చేస్తే అక్షరాలు రావు, కన్వర్టర్‌లో వేసి మార్చాలి, మార్చాక ఒత్తులన్నీ ఒకసారి చూసుకోవాలి. "కాపీ పేస్టే కదండీ, ఇంతసేపా?" అంటారు. మీరే కూర్చుని చేసుకోండి బాబూ అనాలనిపిస్తుంది.

నేను వాడనని కాదు, రోజూ వాడతాను. బ్యాంకుకి ఇంగ్లిష్ లెటర్ కావాలంటే ఒకప్పుడు డిక్షనరీ పట్టుకు కూర్చునేవాణ్ణి, ఇప్పుడు రెండు నిమిషాల పని. ఫ్లెక్సీ బొమ్మలూ దానితోనే చేయిస్తాను, కానీ తెలుగు అక్షరాలు మాత్రం దానికి అప్పజెప్పను, అప్పుడప్పుడు చీమలు పాకినట్టు గీసిపెడుతుంది. అక్షరాలు లేని బొమ్మ తీసుకుని పేర్లు నేనే వేసుకుంటాను. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి చిరిగిన పాత ఫొటో ఇస్తే బ్రహ్మాండంగా బాగుచేస్తుంది, అయితే ఒక్కోసారి ముఖమే మార్చేస్తుంది. "ఇది మా నాన్న కాదండీ" అంటే ఏం సమాధానం చెప్తాం? అందుకే ఇంట్లోవాళ్లకు చూపించకుండా ప్రింటుకి పంపను.

ఇంట్లో అంటారా, మా అమ్మ ఫోన్‌లో మాటలతో టైప్ చేయబోతుంది. "ఏటి సేస్తన్నావ్" అంటే అది ఇంకేదో రాస్తుంది. మన ఉత్తరాంధ్ర యాస దానికి ఇంకా పట్టుబడలేదు.

వైజాగ్‌లో ఏఐ అంటే ఇంకో గొడవుంది. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఏఐ డేటా సెంటర్ల కోసం ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది కదా, అప్పటినుంచి షాపుకొచ్చిన ప్రతివాడూ ఏఐ గురించే మాట్లాడతాడు. అది నేర్చుకుందామని అడిగినవాడు ఒక్కడూ లేడు, ఆ డేటా సెంటర్‌కి భూమి చూసిన తర్లువాడలో సెంటు భూమి ఎంత పలుకుతోందో మాత్రం అందరికీ కావాలి.

నన్నడిగితే పిల్లలకు కోడింగ్ కన్నా ముందు ప్రూఫ్ చూడటం నేర్పాలి. ఇకముందు ఉద్యోగాలన్నీ అవే, రాసేది మిషను, తప్పు పట్టేది మనిషి. కానీ ఆ తప్పు పట్టినందుకు డబ్బులివ్వాలంటే జనానికి చేతులు రావు. అందుకే "మేటర్ మీరు తెచ్చినా ప్రూఫ్ చార్జీ ఉంటుంది" అని షాపులో బోర్డు పెట్టాను. దాని మీదా బేరాలాడుతున్నారు.