జర్నలిజం విద్యార్థి కాలేజీ సెమినార్లు, ఫెస్ట్‌లు కవర్ చేస్తూ తిరగడం వల్ల ఉపయోగం ఉందా? (శ్రీకాకుళం, విజయనగరం వైపు)

ఉంది, భోజనాలయ్యాక కూడా ఆగే ఓపిక ఉంటే. చదువుకునే రోజుల్లో మా డిపార్ట్‌మెంట్ ల్యాబ్ జర్నల్‌కీ (విద్యార్థులు ప్రాక్టీసుగా నడిపే పత్రిక), అప్పుడప్పుడూ ఓ దినపత్రిక జిల్లా పేజీకీ రాసేవాణ్ణి. ఎచ్చెర్ల, రాజాం, విజయనగరం, ఎక్కడ సదస్సన్నా బస్సెక్కేసేవాణ్ణి.

ప్రారంభ సభలో వార్త దాదాపు దొరకదు. పదింటికని కార్డులో వేస్తారు, ముఖ్య అతిథి దిగేసరికి పదకొండు దాటుతుంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, వేదిక మీద ఎంతమందుంటే అన్ని శాలువాలు, సావనీర్ ఆవిష్కరణ, ఫొటో. ఆ ఫొటో, ప్రెస్ నోట్ వాట్సాప్‌లో అన్ని పత్రికల కంట్రిబ్యూటర్లకూ ఒకేసారి వెళ్లిపోతాయి. ఒక కాలేజీలో అయితే అతిథి మైకు పట్టుకోకముందే ఆయన ఏమన్నారో రాసున్న నోట్ నా చేతికిచ్చారు. 'విద్యార్థులు పరిశోధనలపై దృష్టి సారించాలి' అని. మర్నాడు పేపర్లలో అదే వచ్చింది. ఆయన నిజానికి ఎక్కువసేపు మాట్లాడింది తన హాస్టల్ రోజుల గురించి.

ఈ తంతు ఎందుకు నడుస్తోందో తెలుసుకుని వెళ్లండి. 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనల్లో, లెక్చరర్ల ప్రమోషన్లకు లెక్కేసే పాయింట్ల పట్టికలో జాతీయ సదస్సులో పేపర్ సమర్పిస్తే 3, మన దేశంలోనే జరిగే అంతర్జాతీయ సదస్సులో సమర్పిస్తే 5. విదేశంలో ఉన్న పూర్వ విద్యార్థి ఎవరో జూమ్‌లో కాసేపు కనిపిస్తే చాలు, ఫ్లెక్సీ మీద 'అంతర్జాతీయ' పడిపోతుంది. పీహెచ్‌డీ వాళ్లకు కూడా థీసిస్ ఇచ్చేలోపు సదస్సుల్లో రెండు పేపర్లు సమర్పించాలనే షరతు 2016 నిబంధనల్లో ఉండేది. 2022లో తీసేశారు. సర్టిఫికెట్ పిచ్చి మాత్రం తగ్గలేదు. ఫీజు కట్టి, కిట్ బ్యాగు తీసుకుని, పేరు పిలిచే వేళకు మళ్లీ కనిపించే లెక్చరర్లను నేను తిట్టను, వాళ్ల ప్రమోషన్లు దానికి ముడిపడి ఉన్నాయి. కానీ ఇది విద్యార్థి పత్రిక రాయాల్సిన కథ. జిల్లా పేజీకి ఇది అక్కర్లేదు, వాళ్లకు కావాల్సింది ఆ ఫొటోయే.

ఇక భోజనాల తర్వాత సంగతి. పక్క గదుల్లో టెక్నికల్ సెషన్లు ఉంటాయి, కుర్చీలు ఖాళీ. అలాంటి ఒక గదిలో పలాస వైపు నుంచి వచ్చిన పీజీ అమ్మాయి జీడిపప్పు కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్ల మీద పేపర్ చదివింది. శీర్షిక బరువైన ఇంగ్లీషులో ఉంది, చదవడం కూడా గబగబా చదివేసింది. ఇంకా సగం ఉండగానే అధ్యక్షుడు 'టూ మినిట్స్' అన్నాడు. బయట టీ దగ్గర పలకరిస్తే అప్పుడు అసలు విషయాలు మొదలయ్యాయి. కిలోకి ఇంతని కూలి ఎలా లెక్కగడతారు, ముక్కలు ఎక్కువైతే ఎవరి మీద పడుతుంది, గింజ పెంకులోని నూనె తగిలి చేతులు ఎలా పొక్కుతాయి. 'ఇవన్నీ పేపర్లో పెట్టలేదేం?' అంటే, 'మా అమ్మ కూడా అదే పని చేస్తాది సార్. అది రాస్తే రీసెర్చ్ అవదన్నారు' అంది. ఆ వారం నా ఐటం ఆ అమ్మాయి చెప్పిందే, పేరు వేయకుండా. సదస్సు ప్రస్తావన చివర్లో ఒక్క వాక్యం.

అందుకని నేను చేసేది ఇంతే: పొద్దున్నే రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పేపర్ల జాబితా అడిగి తీసుకోవడం, మన ఊళ్ల పేర్లు ఉన్నవాటికి టిక్ పెట్టుకోవడం. ఉద్దానం కిడ్నీ జబ్బులు, వంశధార ప్రాజెక్టు నిర్వాసితులు, భోగాపురం విమానాశ్రయం భూములు, ఏదో ఒకటి తగులుతుంది. చదివిన వాళ్ల ఫోన్ నంబరు తీసుకోండి. గణాంకాలు కనిపిస్తే ఎవర్ని అడిగి, ఎక్కడ సేకరించారో అక్కడే అడగండి. సగం మంది తడబడతారు, అదీ తెలియాల్సిన విషయమే.

ఫెస్ట్‌ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డీజే, ఫ్లాష్ మాబ్, యాంకర్. ఫొటోలకి పనికొస్తాయి. కళల మీద రాయాలనుంటే విజయనగరం సంగీత కళాశాలకి వెళ్లండి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన చోటు. పాట తెలియనివాడు కచేరీ మీద రాయడం ఎంత కష్టమో విద్యార్థులు పాడేటప్పుడు వింటూ కూర్చుంటే తెలుస్తుంది. శ్రీకాకుళంలో అయితే 1997లో కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం ఉంది. క్యాంపస్ కాదు గానీ, అక్కడి సభల్లో వెనక వరసలోంచి ప్రశ్న వేస్తే ఎవరూ ఉలిక్కిపడరు. మన సెమినార్ హాళ్లలో ప్రశ్న అడిగితే ముందు 'ఏ ఇయర్?' అంటారు.

ఇంకోటి. రాసింది అచ్చయ్యే ముందు చూపించమని హెచ్‌వోడీలు (డిపార్ట్‌మెంట్ హెడ్‌లు) అడుగుతారు. ల్యాబ్ జర్నల్ అయితే తప్పదు, గైడ్ సంతకం కావాలి. బయటి పత్రికకు రాసేదైతే మాత్రం వాళ్లు అన్న మాటలు మాత్రమే చదివి వినిపించండి, మొత్తం కాపీ చేతికివ్వకండి. ఇంటర్నల్ మార్కుల టెన్షన్ ఉంటే సెమిస్టర్ అయ్యాక పంపండి. జీడి కార్ఖానాల కథ ఒక నెల ఆగితే పాతబడదు.