పీజీ చదువుకి, అకడమిక్ రైటింగ్‌కి ఏ పుస్తకాలు తీసుకోవాలి?

చదివింది గుర్తుండటం లేదని, వ్యాసాలు, డిసర్టేషన్ అంటేనే టెన్షన్‌గా ఉందని, రెండింటికీ పనికొచ్చే పుస్తకాలు చెప్పమని అడిగారు. రీసెర్చ్ చేసే రోజుల్లో ఈ రకం పుస్తకాలు చాలానే తిరగేశాను. తర్వాత జూనియర్ల డ్రాఫ్టులు చూడాల్సి వచ్చినప్పుడు, వాటిలో కొన్నిటిని పదేపదే తెరవాల్సి వచ్చింది. అవే చెబుతాను. ముందుగా ఒక్క మాట. వీటిని నవలలా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివితే ఒరిగేదేమీ ఉండదు. మీ అసైన్‌మెంట్ పక్కన పెట్టుకుని, ఎక్కడ ఆగిపోయారో దానికి సంబంధించిన అధ్యాయం తెరవండి.

గుర్తుండకపోవడానికి 'మేక్ ఇట్ స్టిక్' (2014) చదవండి. రాసిన ముగ్గురిలో హెన్రీ రోడిగర్, మార్క్ మెక్‌డేనియల్ జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసిన సైకాలజిస్టులు. రోడిగర్, జెఫ్రీ కార్పికీ కలిసి 2006లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీ చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్ళు ముందున్నారు. రెండోసారి చదివేటప్పుడు అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, ఆ అనిపించడమే మనల్ని మోసం చేస్తుంది. అందుకని ఒక సెక్షన్ అవగానే పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చండి. ఆ రెండో రంగులో ఉన్నవే మర్నాడు, మళ్ళీ వారం తర్వాత చూసుకోవాల్సినవి. హైలైటర్ పట్టుకుని కూర్చోవడం కన్నా ఇది కష్టం, కానీ పరీక్ష హాల్లో తేడా తెలుస్తుంది.

నోట్స్ ఎలా రాయాలి, టైమ్ ఎలా సర్దుకోవాలి, గ్రూప్ వర్క్ ఎలా చేయాలి లాంటివన్నీ ఒకేచోట కావాలంటే స్టెల్లా కాట్రెల్ రాసిన 'ద స్టడీ స్కిల్స్ హ్యాండ్‌బుక్' ఉంది. లావు పుస్తకం. లైబ్రరీలో చూసి కావలసిన పేజీలు చదివితే చాలు.

ఇక రాయడం సంగతి. ఒక్క పుస్తకమే కొనగలిగితే 'ద క్రాఫ్ట్ ఆఫ్ రీసెర్చ్' కొనండి. వేన్ బూత్, గ్రెగరీ కొలంబ్, జోసెఫ్ విలియమ్స్ కలిసి రాసిన ఈ పుస్తకం 1995లో యూనివర్సిటీ ఆఫ్ చికాగో ప్రెస్ నుంచి వచ్చింది. చాలామంది 'ఆన్‌లైన్ చదువు' అని టాపిక్ అనుకుని రాయడం మొదలుపెట్టేస్తారు, రెండు పేజీలయ్యాక ఏం రాయాలో తోచదు. ఎందుకంటే అక్కడ ప్రశ్నే లేదు. ఈ పుస్తకం మూడు ఖాళీలు పూరించమంటుంది: దేని గురించి పరిశీలిస్తున్నాను, అందులో ఏం తెలుసుకోవాలనుకుంటున్నాను, అది తెలిస్తే చదివేవాళ్ళకి ఏం అర్థమవుతుంది. పై టాపిక్‌నే తీసుకోండి. రికార్డు చేసిన పాఠాలను విద్యార్థులు ఎలా చూస్తారో పరిశీలిస్తున్నాను. ఏ చోట ఆపి వెనక్కి వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో తెలుసుకోవాలి. అది తెలిస్తే పాఠం చెప్పేవాళ్ళకి తమ వివరణ ఎక్కడ చాలలేదో అర్థమవుతుంది. ఇలా రాసుకున్నాక ఏ పేపర్లు చదవాలో, ఏవి పక్కన పెట్టాలో కూడా తేలిపోతుంది. నేను చూసిన డ్రాఫ్టుల్లో ఎక్కువ ఆగిపోయింది మూడో ఖాళీ దగ్గరే. అది నిండేదాకా గైడ్ దగ్గరికి వెళ్ళకండి అని జూనియర్లకి గట్టిగానే చెప్పేదాన్ని.

ఇంట్రడక్షన్ రాయడం రాకపోతే జాన్ స్వేల్స్, క్రిస్టీన్ ఫీక్ రాసిన 'అకడమిక్ రైటింగ్ ఫర్ గ్రాడ్యుయేట్ స్టూడెంట్స్' చూడండి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళని దృష్టిలో పెట్టుకుని మొదలైన పుస్తకం ఇది, అందుకే మనకి బాగా నప్పుతుంది. ఇంట్రడక్షన్‌లో మూడు పనులు జరుగుతాయంటారు స్వేల్స్: ఈ రంగం ఎందుకు ముఖ్యమో చెప్పడం, అందులో ఇంకా తేలని చోటు చూపించడం, నా పేపర్ ఆ చోట ఏం చేస్తుందో చెప్పడం. మీ సబ్జెక్ట్‌లో మంచి పేపర్లు కొన్ని ప్రింట్ తీసుకుని, పెన్సిల్‌తో ఈ మూడూ ఎక్కడ మొదలవుతున్నాయో గీత గీయండి. చాలాసార్లు రెండోది 'హౌఎవర్' అన్న మాట దగ్గర మొదలవుతుంది. కాసేపు ఇలా గీశాక మీ ఇంట్రడక్షన్‌లో ఏది లోపించిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

'దే సే / ఐ సే' (2006) గురించి రెండు అభిప్రాయాలున్నాయి. అందులో వాక్యాల అచ్చులు (టెంప్లేట్లు) ఉంటాయి, ఫలానావాళ్ళు ఇలా అంటారు, నేను ఈ కారణంగా ఒప్పుకోను అన్న తరహాలో. ఇది సొంత ఆలోచనని చంపేస్తుందని కొందరు మాస్టార్లు అంటారు. నాకైతే అలా అనిపించదు. మన వ్యాసాల్లో ఎవరికి జవాబిస్తున్నామో తెలియకపోవడమే పెద్ద లోపం, ఆ అచ్చులు ఆ ఒక్క లోపాన్నీ బాగా సరిచేస్తాయి. అలవాటయ్యాక వాటిని వదిలేయొచ్చు. డబ్బు పెట్టలేకపోతే, ఇలాంటి వాక్యాల అచ్చులే ఉన్న మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళ 'అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్' నెట్‌లో ఉచితంగా ఉంది.

అందరూ చెప్పే 'ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్' ఇప్పుడు వద్దు. అది వాక్యాలకి మెరుగు పెట్టడానికి, మీకు కావలసింది వాదన కట్టడం.

పాత ఎడిషన్లు దొరికితే నిశ్చింతగా తీసుకోండి, అసలు విషయం పెద్దగా మారదు. సైటేషన్ నియమాలకి, అంటే ఎక్కడి నుంచి తీసుకున్నామో చూపించే పద్ధతికి మాత్రం పాతవి నమ్మకండి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి అయితే 2019లో వచ్చిన ఏడో ఎడిషన్, ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి అయితే 2021లో వచ్చిన తొమ్మిదో ఎడిషన్ చూడండి. మీ డిపార్ట్‌మెంట్ ఏది వాడమంటుందో ముందే అడిగి తెలుసుకోండి, చివరి వారంలో మార్చాల్సి వస్తే చాలా పని.