లేతుకు కంట్రోళ్లు పెట్టబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. లోహపు ముక్కను తిప్పుతూ టూలుతో కోసే నీ లేతు మిషను ఫోటోలు పెద్దవి చేసుకుని చూశాను. బటాలా, లూధియానా, రాజ్‌కోట్‌ల నుంచి మన ఊళ్ల వర్క్‌షాపులకు వచ్చిన పాతకాలపు లేతుల్లా ఉంది. వాటి బెడ్డు, అంటే అన్నిటినీ మోసే పొడుగు దిమ్మ, బరువుగా, గట్టిగా ఉంటుంది. ముందు అరిగేవి స్క్రూలూ నట్లూ. కారు షెడ్డులో దానికి చోటు చేశావంటే చాలా సంతోషం. నీ జాబితా చూశాకే కాస్త టెన్షన్ పట్టుకుంది. మోటారు స్పీడు మార్చే వీఎఫ్‌డీ, స్లైడు ఎంత కదిలిందో అంకెల్లో చూపే డీఆర్‌ఓ, అడుగడుగుగా తిరిగే స్టెప్పర్ మోటార్లు, ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డు ఆర్డుయినో, ఆఖరికి మిషనంతా కంప్యూటరే నడిపే పూర్తి సీఎన్‌సీ, అన్నీ ఒకే దఫాలో ఆర్డర్ పెడతానంటున్నావు. అలా చెయ్యకు. ఒకటి బిగించి, దాంతో కొన్నాళ్లు పని చేసి, దాని గుణం తెలిశాక రెండోదాని జోలికి వెళ్లు. అన్నీ కలిపి బిగిస్తే తేడా వచ్చిన రోజున తప్పు మోటారుదో, వైరుదో, నువ్వు రాసిన ప్రోగ్రాముదో తేల్చుకోవడానికే నెలలు పడతాయి.

రూపాయి ఖర్చు పెట్టే ముందు మిషను ఎంత బిగువుగా ఉందో చూడు. అయస్కాంతంతో అతుక్కునే మాగ్నెటిక్ బేసు బెడ్డు మీద పెట్టి, చిన్న కదలికను ముల్లుతో చూపే డయల్ గేజీ మొనను టూలును అడ్డంగా జరిపే క్రాస్ స్లైడుకు ఆనించు. హ్యాండిలు ఒక వైపు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పు. ముల్లు కదలకుండా హ్యాండిలు ఎంత ఖాళీగా తిరిగిందో అదే బ్యాక్‌లాష్. తర్వాత హ్యాండిలు వదిలేసి స్లైడును రెండు చేతులతో పట్టుకుని పక్కలకు ఊపి చూడు. ముల్లు ఊగితే స్లైడును బిగువుగా పట్టి ఉంచే జిబ్ పట్టీ వదులైనట్టు. అది స్క్రూడ్రైవరుతో, ఓపికతో పోయే జబ్బు. పనిముక్కను పట్టే చక్‌లో లావు రాడ్డు పట్టి, కింద కర్ర పెట్టి పైకెత్తి చూస్తే, చక్‌ను తిప్పే స్పిండిల్ బేరింగుల సంగతి తెలుస్తుంది. ఈ లూజులు వేటినీ ఎలక్ట్రానిక్స్ సరిచెయ్యదు. ఉన్న లూజును ఇంకా వేగంగా కదిలిస్తుందంతే.

మొదట పెట్టాల్సింది వీఎఫ్‌డీ. నీ ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజు, లేతుకు ఉన్నది త్రీ ఫేజు మోటారు. వీఎఫ్‌డీ 230 వోల్టుల సింగిల్ ఫేజు తీసుకుని మోటారుకు త్రీ ఫేజు ఇస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్చి స్పీడు కూడా నీ చేతికిస్తుంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. అది ఇచ్చే త్రీ ఫేజు కూడా 230 వోల్టులదే. మన దగ్గర 1 హెచ్‌పీ, 2 హెచ్‌పీ మోటార్లు ఎక్కువగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌తో, అంటే మూడు వైండింగుల ఒక్కో కొస ఒకేచోట ముడివేసి, వస్తాయి. దాన్ని అలాగే కలిపితే ఖాళీగా బాగానే తిరుగుతుంది, టూలు లోహానికి తగలగానే చతికిలబడుతుంది. కనెక్షన్ డెల్టాకు, అంటే వైండింగులు త్రికోణంలా కలిసేలా, మార్చుకోవాలి. 415ను 1.732తో భాగిస్తే 240 వస్తుంది చూడు, స్టార్‌లో ఒక్కో వైండింగు మీద పడేది ఆ 240 వోల్టులే. కాబట్టి డెల్టాలో వీఎఫ్‌డీ ఇచ్చేది దానికి సరిపోతుంది.

మోటారు టెర్మినల్ బాక్సు మూత విప్పితే మామూలుగా ఆరు స్టడ్లు కనిపిస్తాయి, మూడేసి చొప్పున రెండు వరసలు. ఒక వరసలోని మూడింటినీ అడ్డంగా కలుపుతూ ఇత్తడి పట్టీలు ఉంటే అది స్టార్. ఆ పట్టీలు తీసి, పై స్టడ్డునూ కింది స్టడ్డునూ నిలువుగా కలుపుతూ మూడు జతలు బిగిస్తే డెల్టా. మూత లోపలే బొమ్మ ఉంటుంది, దాన్ని చూసే చెయ్యి. ఆరు స్టడ్లకు బదులు మూడే వైర్లు బయటికి వచ్చి ఉంటే స్టార్ ముడి వైండింగులోనే వేసేశారన్నమాట. రీవైండింగ్ షాపులో ఆ ముడి విప్పి ఆరు కొసలూ బయటికి తీసిస్తారు. నేమ్ ప్లేటు మీద 415 డెల్టా అని ఉందంటే మాత్రం ఆ మోటారు ఈ పనికి రాదు, వేరేది వెతుక్కో. నీ బెంచి డ్రిల్లింగ్ మిషనుకు ఉన్న కెపాసిటర్ మోటారుకు కూడా ఈ వీఎఫ్‌డీ తగిలించకు. దానికి స్పీడు కావాలంటే పుల్లీలు మార్చుకోవడమే.

వీఎఫ్‌డీ వచ్చింది కదా అని లేతు బెల్టు పుల్లీలు, స్పీడు తగ్గించి బలం పెంచే బ్యాక్ గేరు తీసెయ్యకు. 1440 తిరిగే మోటారు 25 హెర్ట్జ్‌కు 720 దగ్గర తిరుగుతుంది. టార్కు సుమారు అంతే ఉంటుంది, హార్స్‌పవర్ సగమైపోతుంది. మోటారు వెనక ఉన్న ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది కనుక అలా గంటల తరబడి లోడు మీద నడిపితే మోటారు వేడెక్కి కాలిపోవచ్చు. పెద్ద మార్పు బెల్టుతో, చిన్న సవరింపు వీఎఫ్‌డీతో చేసుకో. వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య ఏ స్విచ్చీ, పాత రివర్స్ ఫార్వర్డ్ డ్రమ్ము స్విచ్చీ ఉండకూడదు. నడుస్తుండగా ఆ లైను తెగితే వీఎఫ్‌డీ పోయే ప్రమాదం ఉంది. ఆ డ్రమ్ము స్విచ్చినే వీఎఫ్‌డీ కంట్రోల్ టెర్మినళ్లకు కలిపితే పాత లివరే పనిచేస్తుంది, చెయ్యి అలవాటు మారదు.

ఇంకో సంగతి, ఇది బాగా గుర్తుంచుకో. ఫోటోలో నీ చక్ స్పిండిల్ మీద మరతో బిగించినట్టు కనిపిస్తోంది. అలాంటి చక్ ముందుకు తిరుగుతున్నంతసేపు తనంతట తానే బిగుసుకుంటుంది. వీఎఫ్‌డీలో ఆగే టైము ఒక సెకను పెట్టావనుకో, స్పిండిల్ ఠక్కున ఆగుతుంది, బరువైన చక్ మాత్రం తన ఊపులో తిరుగుతూ మర విడిపోతుంది. విడిన చక్ బెడ్డు మీద పడి ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఆగే టైము నాలుగైదు సెకన్లకు తక్కువ పెట్టకు, రివర్సులో కోత కొయ్యకు.

కరెంటు పోయి వచ్చే సంగతి నీకు చెప్పనక్కర్లేదు. కానీ పాత స్టార్టరు ఏం చేసేదో ఆలోచించావా? కరెంటు పోగానే దాని కాయిల్ వదిలేసేది. కరెంటు తిరిగొచ్చినా నువ్వు పచ్చ బటన్ నొక్కితే తప్ప మిషను కదిలేది కాదు. ఆ స్టార్టరు తీసేసి వీఎఫ్‌డీ పెట్టగానే ఆ రక్షణ పోయింది. లివరు ఫార్వర్డులో ఉండగా కరెంటు పోయి, నువ్వు చక్‌లో కీ పెట్టి పనిముక్కను విప్పుతుండగా వస్తే ఏమవుతుందో ఊహించుకో. కరెంటు వచ్చాక స్టార్టు ఆదేశం కొత్తగా ఇస్తేనే కదిలేలా చాలా వీఎఫ్‌డీల్లో సెట్టింగు ఉంటుంది, మాన్యువల్ తీసి వెతుకు. లేకపోతే నొక్కి వదిలే స్టార్టు, స్టాపు బటన్లతో త్రీ వైర్ కంట్రోలు పెట్టుకో. పెట్టాక పరీక్షించు. చక్ ఖాళీగా తిరుగుతుండగా మెయిన్ ఎంసీబీ దించు, డిస్‌ప్లే పూర్తిగా ఆరేదాకా ఆగు, మళ్లీ ఎత్తు. చక్ కదలకూడదు. కదిలిందంటే ఆ మిషను మీద ఆ రోజు పని లేదు.

ఎమర్జెన్సీ స్టాపుకు ఎర్ర పుట్టగొడుగు బటన్ పెట్టు. దాని కాంటాక్టు మామూలుగా మూసి ఉండే రకం కావాలి, వైరు తెగినా స్టాపు నొక్కినట్టే అవుతుంది. దాన్ని ఆర్డుయినో పిన్నుకు కలిపి ప్రోగ్రాములో చూసుకుంటానని రాశావు. కుదరదు. నీ ప్రోగ్రాము ఎంత బాగా రాసినా ఇరుక్కుపోయే క్షణం ఒకటి ఉంటుంది, చెయ్యి కాపాడే లైను దాని గుండా పోకూడదు. బటన్ నేరుగా వైరుతోనే వీఎఫ్‌డీకి వచ్చే పవర్ తియ్యాలి. అయితే సప్లై తెగినంత మాత్రాన చక్ అక్కడికక్కడే ఆగదు, ఊపు తగ్గేదాకా తిరుగుతుందని గుర్తుంచుకో. వీఎఫ్‌డీ మూత విప్పాల్సి వస్తే కరెంటు తీసి పది నిమిషాలు ఆగి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టు. లోపలి కెపాసిటర్లలో 325 వోల్టుల డీసీ నిలవ ఉంటుంది. ఎర్తు గట్టిగా ఉండాలి. కరెంటు లీకైతే లైను కట్ చేసే ఇంటి ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతోందని ఎర్తు పీకేసేవాళ్లున్నారు, ఆ పని ఎప్పుడూ చెయ్యకు. మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి షెడ్డుకు విడి సర్క్యూట్ వేయించుకో.

రెండోది డీఆర్‌ఓ. అరిగిన స్క్రూ ఉన్న మిషనుకు ఇంతకంటే మేలు చేసేది లేదు. స్లైడు ఎంత కదిలిందో నేరుగా స్కేలే చెబుతుంది కనుక స్క్రూలో లూజు లెక్కలోకి రాదు. మామూలు గ్లాసు స్కేలు 5 మైక్రాన్ల దాకా చూపిస్తుంది. లేతు క్రాస్ స్లైడు మీద అది వ్యాసంలో 10 మైక్రాన్లవుతుంది, నీ పనులకు చాలు. వెర్నియర్ లాంటి కెపాసిటివ్ స్కేళ్లు ఇంకా చవక. వాటికి ఒక బోర్డు కలిపి పాత ట్యాబ్లెట్టులో అంకెలు చూపించే టచ్‌డీఆర్‌ఓ లాంటి యాప్‌లు ఉన్నాయి. అయితే ఆ స్కేళ్లు కూలెంటు తడికి అంకెలు తప్పుతాయి, పొడిగా పనిచేసే చోటనే పెట్టుకో. ఏ స్కేలైనా బిగించేటప్పుడు పక్కన డయల్ గేజీ నడిపి స్లైడుకు సమాంతరంగా ఉందో లేదో రెండు వైపులా చూడు. మూతి కిందికి ఉండాలి, పైన రేకు మూత ఉండాలి, లేకపోతే కోసిన లోహపు చిప్స్ లోపలికి పోతాయి. డీఆర్‌ఓ లూజును లెక్కలో కలపదు గానీ దాన్ని తీసెయ్యదు. మిల్లింగులో, అంటే తిరిగే కట్టరు కిందకు టేబులు మీది ముక్కను జరిపి కోసే పనిలో, కట్టరు టేబులును తనవైపు లాక్కునే దిశలో కోస్తే అది ఇప్పటిలాగే లాక్కుంటుంది.

మిల్లింగ్ టేబులును మోటారే జరిపే పవర్ ఫీడు కావాలన్నావు. దానికి స్టెప్పర్ అక్కర్లేదు. గుంటూరు నుంచి విజయవాడ ఆటోనగర్ ఎంత దూరం? లారీ వైపర్ మోటారు ఒకటి తెచ్చుకో. దాంట్లో వర్మ్ గేరు ఉంటుంది కనుక నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. లారీలవి 24 వోల్టులవీ ఉంటాయి, మోటారుకు తగ్గ డీసీ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, స్పీడు మార్చే ఒక పీడబ్ల్యూఎం కంట్రోలరు, దిశ మార్చే స్విచ్చి, ఒక ఫ్యూజు చాలు. చాలా వైపర్ మోటార్లలో నెగటివ్ లోపలే బాడీకి కలిపి ఉంటుంది. దిశ మార్చడానికి వైర్లు తిరగేస్తే పాజిటివ్ బాడీ మీదికి, అక్కణ్నుంచి మిషను మీదికి వస్తుంది. ముందే మల్టీమీటరుతో చూసి, అలా ఉంటే ఫైబర్ ప్లేటు మీద బిగించి మిషనుకు తగలకుండా చెయ్యి. టేబులు రెండు చివర్లా లిమిట్ స్విచ్చి పెట్టి, ఒక్కోదానికి అడ్డంగా ఒక డయోడు వెయ్యి. చివర తగిలి ఆగిన టేబులు, దిశ మారిస్తే ఆ డయోడు గుండా కరెంటు తీసుకుని వెనక్కి వస్తుంది. ప్రోగ్రాము లేదు, చెడిపోయేదీ పెద్దగా లేదు. వర్మ్ గేరును టేబులు వైపు నుంచి తిప్పలేం కనుక, చేత్తో హ్యాండిలు తిప్పుకోవడానికి మధ్యలో విడదీసే క్లచ్చి మాత్రం తప్పకుండా ఉండాలి.

ఇవయ్యాక, మర కోసేటప్పుడు టూలును పొడవునా జరిపే లీడ్ స్క్రూను మోటారుతో నడిపే ఎలక్ట్రానిక్ లీడ్ స్క్రూ. నీలాంటి ప్రోగ్రాములు రాసేవాడికి అసలు ఆనందం ఇక్కడే ఉంది. స్పిండిల్‌కు తిరుగుడు లెక్కపెట్టే ఎన్‌కోడరు, లీడ్ స్క్రూకు స్టెప్పరు, మధ్యలో చిన్న కంట్రోలరు. మర కొలతకు తగ్గట్టు చేంజ్ గేర్లు విప్పి బిగించే బాధ పోతుంది. మన పాత లేతుల లీడ్ స్క్రూ చాలావాటికి అంగుళాల్లోనే ఉంటుంది. అంగుళానికి 4 మరలైతే ఒక్కోటి 6.35 మిల్లీమీటర్లు. దాని మీద 1.5 మిల్లీమీటర్ల మర కొయ్యాలంటే నిష్పత్తి 30కి 127. గేర్లతో ఇదే పని చెయ్యడానికి 127 పళ్ల గేరు వెతుక్కునేవాళ్లం. నీ కోడులో కూడా ఈ 30, 127 పూర్ణాంకాలుగానే ఉంచు, శేషం మోసుకుంటూ పో. దశాంశంలోకి మార్చి గుండ్రం చేస్తే ప్రతి తిప్పుకూ మిగిలే చిన్న తేడా పొడుగు మరలో పోగవుతుంది. 1024 లైన్ల ఎన్‌కోడరు తిప్పుకు 4096 కౌంట్లు ఇస్తుంది, చాలు. ఎన్‌కోడరును సమాన పళ్ల టైమింగ్ పుల్లీలతో నడుపు, రబ్బరు రింగులతో వద్దు. అంగుళాల స్క్రూ మీద మెట్రిక్ మర కోసేటప్పుడు గేర్లతో ఎలాగో ఇక్కడా అలాగే, టూలు బండిని లీడ్ స్క్రూకు పట్టించే హాఫ్‌నట్ విప్పకూడదు. స్పిండిల్ ఆపి, రివర్సులో వెనక్కి తెచ్చుకోవాలి. టూలు బయటికి లాగి, ఖాళీగా, నెమ్మదిగా, చక్ మర సంగతి మనసులో పెట్టుకుని. స్టెప్పరు స్పీడు పెరిగేకొద్దీ టార్కు పోగొట్టుకుంటుంది కాబట్టి మరలు తక్కువ స్పీడులోనే కొయ్యి. అడుగులు తప్పితే అలారం ఇచ్చే క్లోజ్డ్ లూప్ స్టెప్పరు కొంచెం ఖరీదైనా నా మాట విని అదే కొను. పవర్ ఉండగా స్టెప్పరు వైరును, దాన్ని నడిపే డ్రైవరు బోర్డు నుంచి పీకితే ఆ డ్రైవరు పోయే ప్రమాదం ఉంది.

మోటారు ఆన్ చెయ్యగానే డీఆర్‌ఓ అంకెలు వణికినా, ఎన్‌కోడరు కౌంటు పరిగెత్తినా ప్రోగ్రామును అనుమానించకు. అది వీఎఫ్‌డీ నాయిస్. మోటారు కేబులు షీల్డు ఉన్నది వాడి, సిగ్నల్ వైర్లకు దూరంగా తీసుకెళ్లు. దాటాల్సిన చోట అడ్డంగా దాటించు, పక్కపక్కన పడుకోబెట్టకు.

ఇక సీఎన్‌సీ. లేతును ఇలాగే ఉంచు. తప్పదనుకుంటే చిన్న మిల్లింగ్ మిషనుతో మొదలుపెట్టు, అదీ లూజు దాదాపు లేని బాల్ స్క్రూలు వేయించాకే. ఆర్డుయినో ఊనో మీద సీఎన్‌సీ నడిపే గ్రబుల్ ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది, కానీ అది బ్యాక్‌లాష్‌ను సర్దుకోదు. పాత స్క్రూతో వృత్తం కోయిస్తే నాలుగు చోట్ల మెట్లు కనబడతాయి. కంప్యూటరులో నడిచే లైనక్స్‌సీఎన్‌సీలో ఆ సర్దుబాటు ఉంది, అయినా కట్టరు లాగే లాగుడును ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు.

ఏదీ కొనకుండా నాకు మూడు ఫోటోలు పంపు. మోటారు నేమ్ ప్లేటు, టెర్మినల్ బాక్సు మూత విప్పి ఒకటి, చక్ తీసిన స్పిండిల్ ముక్కు. లీడ్ స్క్రూ మీద స్కేలు పెట్టి అంగుళంలో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టి రాయి. మోటారు మార్చాల్సి వస్తే రాణీగంజ్‌లో నేనే చూసి పంపిస్తాను. అక్కను, బావగారిని అడిగానని చెప్పు.

నీ మామయ్య
బాలానగర్, హైదరాబాద్