రెండోసారి రేడియేషన్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటుండేది. మూడేళ్ల కిందట అంగిట్లో క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి, 30 సిట్టింగులు కరెంట్ (రేడియేషన్) పెట్టారు. ఇప్పుడు మెడకు కుడివైపు గడ్డ వచ్చింది. సూది పరీక్షలో మళ్లీ క్యాన్సరే అని తేలింది. రెండోసారి రేడియేషన్ పనికిరాదని ఒక డాక్టరు, ఇవ్వొచ్చని ఇంకొక డాక్టరు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: అమ్మా, ముందు ఒక విషయం తేలాలి. మూడేళ్ల కిందట మెడకు కూడా రేడియేషన్ ఇచ్చారా, అంగిటి వరకే ఇచ్చారా? మెడకు తగలకపోయినా, కొద్దిగానే తగిలినా, ఇప్పుడు ఇచ్చేది అక్కడ దాదాపు మొదటిసారే అవుతుంది. డిశ్చార్జ్ కాగితంలో మొత్తం మోతాదు, సిట్టింగుల సంఖ్య మాత్రమే ఉంటాయి, అవి చాలవు. ఏ భాగానికి ఎంత అందిందో చూపే పాత ప్లాన్‌ను అప్పటి ఆసుపత్రి నుంచి సీడీలో తీసుకోండి. అది చూడకుండా అవునన్నా కాదన్నా అది సగం మాటే.

మెడకూ పూర్తి మోతాదు అంది ఉంటే జాగ్రత్త తప్పదు. కండ, ఎముక, రక్తనాళాలు పైకి మానినట్టు కనిపించినా లోపల పాత రేడియేషన్ ప్రభావం చాలావరకు ఉండిపోతుంది. ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెడితే సాధారణంగా మళ్లీ రేడియేషన్ జోలికి వెళ్లం. రెండేళ్లు దాటాక వస్తే ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. మీ అమ్మగారికి మూడేళ్లు గడిచాయి, అది ఆమెకు కలిసొచ్చే విషయం.

అయితే మొదట ఆలోచించాల్సింది ఆపరేషన్ గురించి. పెట్ సీటీలో (ఒళ్లంతా చూసే స్కాన్) ఊపిరితిత్తులకు, మరెక్కడికీ పాకలేదని తేలి, మెడలోని పెద్ద రక్తనాళాన్ని గడ్డ చుట్టేయకుండా ఉంటే, పూర్తిగా తీసేయడమే మేలు. తీసిన గడ్డ రిపోర్టులో జబ్బు లింఫు గ్రంథి గోడ దాటిందని వస్తే అప్పుడు రేడియేషన్ మాట. ఇలా ఆపరేషన్ తర్వాత రెండోసారి రేడియేషన్, కీమో కలిపి ఇచ్చి చూసిన ఫ్రాన్స్ అధ్యయనం 2008లో వచ్చింది. జబ్బు అదుపు మెరుగైంది కానీ ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం పెరిగాయి. అందుకే అందరికీ ఇవ్వం.

ఇబ్బందులు దాచకుండా చెబుతాను. మింగడం కష్టమై ముక్కు గొట్టంతోనో, పొట్టలోకి పెట్టిన గొట్టంతోనో ఆహారం ఇవ్వాల్సి రావచ్చు. మెడ బిగుసుకుపోవచ్చు. దవడ ఎముక పుచ్చిపోవచ్చు. కాబట్టి చికిత్సకు ముందే దంతవైద్యుడికి చూపించండి, మా రేడియేషన్ విభాగంలో చెప్పకుండా పన్ను పీకించకండి. మెడ రక్తనాళం చిట్లడం అరుదు, నూటికి కొద్దిమందిలోనే జరుగుతుంది, కానీ జరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆపరేషన్, రేడియేషన్ రెండూ కుదరకపోయినా చికిత్స ఉంది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు నోటి మాత్రలకు తోడు మూడు వారాలకోసారి కేవలం 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని జబ్బు మీదికి పురిగొల్పే ఇంజెక్షన్) ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికున్నవారు సుమారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. మామూలు మోతాదులో పదో వంతు కూడా లేని మందుతో ఇంత తేడా రావడం మన పేద కుటుంబాలకు చాలా పెద్ద విషయం.

అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో కేజీహెచ్‌కో ఫైలు, సీడీ తీసుకెళ్లండి. సర్జన్, రేడియేషన్, కీమో డాక్టర్లు కలిసి కూర్చుని చూడాలని అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్ర చెబుతారు. ఆ రోజు మీ అమ్మగారినీ వెంట తీసుకెళ్లండి, గొట్టంతో ఉండటానికి ఆమె ఇష్టపడతారో లేదో మనం ఊహించి చెప్పకూడదు. ఈలోగా నోట్లోంచి గానీ మెడ నుంచి గానీ తాజా రక్తం కనిపిస్తే, కొంచెమే కదా అని తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.